మన్రో, మెకంజీ, బ్రూస్: స్కాట్లాండ్ ఇంటిపేర్ల మూలాలు తిరుపతి నుంచి వెతకడం ఎలా?

కపిలతీర్థం_వీధి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. తిరుపతి, చిత్తూరు చరిత్ర చదివేవాళ్లకు మూడు దొరల పేర్లు మాటిమాటికీ తగులుతుంటాయి. తిరుమలలో గంగాళానికి పేరుగా నిలిచిన మన్రో ఒకటి. రాయలసీమ ఊళ్ల కైఫీయత్తులు, అంటే ఊరి చరిత్రలు, రాయించిన మెకంజీ రెండోది. 1821లో ఆలయ నిర్వహణకు పెట్టిన నిబంధనలను నేటికీ బ్రూస్ కోడ్ అంటున్నాం గదా, ఆ బ్రూస్ మూడోది. మూడూ స్కాట్లాండ్ ఇంటిపేర్లే. జిల్లా చరిత్ర మీద వేస్తున్న చిన్న సంచికలో ఈ పేర్లు మధ్యయుగంలో ఎలా పుట్టాయో రెండు పేజీలు రాయాలి.

నెట్‌లో ఏ పేరు కొట్టినా ఒక కోట బొమ్మ, ఒక డాలు బొమ్మ, "వెయ్యేళ్ల వంశం" అనే మాట వస్తున్నాయి. ఫలానా ఏట ఫలానా పత్రంలో ఈ పేరు ఇలా రాసి ఉంది అని చెప్పే పేజీ దొరకడం లేదు. ఎడిన్‌బరో పోకుండా ఇక్కడి నుంచే చూడగలిగిన అసలు ఆధారాలు ఏవి? ఏ వరసలో చూడాలి? ఎక్కడ బోల్తా పడతాం? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

చంద్రగిరి_దుర్గం:

ముందు మీ ప్రశ్నను రెండుగా విడగొట్టుకోండి. మన్రో అనే ఇంటిపేరు ఎక్కడ, ఎప్పుడు పుట్టింది అనేది ఒకటి. గవర్నరుగా చేసిన థామస్ మన్రో ఎవరి సంతతి అనేది ఇంకొకటి. మొదటిది మధ్యయుగ పత్రాలతో తేలుతుంది. రెండోది ఆయన పుట్టుక నుంచి ఒక్కో తరం వెనక్కి నడిస్తేనే తేలుతుంది, చాలాసార్లు మధ్యలో ఆగిపోతుంది. తాళ్లపాక అనే ఇంటిపేరు ఆ ఊరి నుంచి వచ్చిందని చెప్పడం తేలిక. ఆ ఇంటిపేరున్న ప్రతి ఇల్లూ అన్నమాచార్యుల సంతతే అనాలంటే మాత్రం తరానికొక కాగితం చూపాలి. నెట్‌లో ఉన్న పేజీల్లో ఎక్కువ భాగం ఈ రెంటినీ కలిపేస్తాయి, మీకు చిరాకు తెప్పించిన గందరగోళం అంతా అక్కడిదే.

రెండో ప్రశ్నకు దారి ఇది. స్కాట్లాండ్‌లో జనన మరణ వివాహాల ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. ఆ ఒక్క ఏడాది పత్రాల్లో మాత్రం తల్లిదండ్రుల వయసు, పుట్టిన చోటు, మిగతా పిల్లల సంగతి కూడా ఉంటాయి. 1856 నుంచి ఆ వివరాలు తగ్గించేశారు. అందుకే వెతికే కుటుంబంలో 1855లో పుట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో తప్పకుండా చూస్తారు. దానికి ముందు చర్చి పారిష్ రిజిస్టర్లు. పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం. అన్నింటికన్నా పాతది పెర్త్‌షైర్‌లోని ఎరల్ పారిష్‌ది, 1553. అన్నిచోట్లా అంత పాతవి ఉంటాయనుకోవద్దు. ఉత్తరాన కొండసీమ పారిష్‌లలో చాలావాటికి 18వ శతాబ్దం వచ్చాక గానీ రిజిస్టర్ లేదు. థామస్ మన్రో 1761 మే 27న గ్లాస్గోలో పుట్టాడు కాబట్టి ఆయన విషయంలో నగర పారిష్ దొరుకుతుంది, అది మీ అదృష్టం.

ఇవన్నీ స్కాట్లాండ్స్ పీపుల్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. సూచిక వెతకడం ఉచితం, పేజీ చిత్రం తెరవాలంటే క్రెడిట్లు కొనాలి. డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా స్పెల్లింగ్ దగ్గరే. ఒకే స్పెల్లింగ్‌తో వెతికి, దొరికిన మొదటి మనిషిని మనవాడే అనుకుని చిత్రం కొంటారు. నక్షత్రం గుర్తు పెట్టి అన్ని రూపాలూ తెప్పించుకుని, పారిష్‌నీ తండ్రి పేరునీ సరిచూశాకే కొనండి. రిజిస్టర్లలో ఎక్కువగా ఉండేది బాప్తిస్మం తేదీ, పుట్టిన తేదీ కాదనేది కూడా గుర్తుంచుకోండి.

ఒక విషయం బాగా కలిసొస్తుంది. స్కాట్లాండ్ పత్రాల్లో పెళ్లయిన ఆడవాళ్లను చాలావరకు పుట్టింటి పేరుతోనే రాశారు. ఇంకోటి, పెద్దకొడుక్కి నాయన నాయన పేరు, రెండోవాడికి అమ్మ నాయన పేరు పెట్టే ఆనవాయితీ చాలా ఇళ్లలో ఉంది. తాత పేరు పెట్టడం మనకు కొత్తేం కాదు కాబట్టి ఆ తర్కం మీకు వెంటనే పడుతుంది. అయితే అది ఆనవాయితీ మాత్రమే. దాన్ని ఎక్కడ వెతకాలో చెప్పే సూచనగా వాడండి, రుజువుగా చూపొద్దు.

పారిష్ రిజిస్టర్ ఆగిన చోట వీలునామాలు పనికొస్తాయి, అవి 1513 నుంచి అదే వెబ్‌సైట్‌లో ఉన్నాయి. భూమి చేతులు మారిన నమోదు 1617 నుంచి ఉంది. తండ్రి ఆస్తికి కొడుకు వారసుడని తేల్చిన విచారణల లాటిన్ సంగ్రహం అచ్చయింది, 1544 నుంచి 1699 దాకా. 1691-95 నాటి పొయ్యి పన్ను జాబితాలు స్కాట్లాండ్స్ ప్లేసెస్ అనే వెబ్‌సైట్‌లో ఉచితం. ఇంట్లో ఎన్ని పొయ్యిలుంటే అంత పన్ను కాబట్టి భూమి లేని కౌలుదారు పేరు కూడా అందులో దొరికే అవకాశం ఉంది.

1500 దాటి వెనక్కి పోతే భూమి ఉన్నవాడు, చర్చి మనిషి, పట్టణంలో వ్యాపారి, వీళ్లే మిగులుతారు. దున్నినవాడి పేరు రాసే అవసరం ఎవరికీ రాలేదు. రాసినవీ అన్నీ మిగల్లేదు. 1296లో ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ స్కాట్లాండ్ దస్తావేజులు పట్టుకుపోయాడు. 1651లో ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సేనలు మళ్లీ లండన్‌కి తరలించాయి. 1660లో వాటిని వెనక్కి తెస్తుంటే ఎలిజబెత్ అనే ఓడ మునిగి పీపాలకు పీపాలు సముద్రంలో పోయాయి. అందుచేత పత్రాల్లో పేరు కనబడకపోతే ఆ కుటుంబం అప్పటికి లేదని రాయకండి.

స్వర్ణముఖి_ఒడ్డు:

పై సమాధానం రెండో ప్రశ్నకు బాగా సరిపోయింది. మీ రెండు పేజీలకు కావాల్సింది మొదటి ప్రశ్న గనక దాని సంగతి చెబుతాను.

మొదట తెరవాల్సింది పీపుల్ ఆఫ్ మెడీవల్ స్కాట్లాండ్ అనే ఉచిత డేటాబేస్. 1093 నుంచి 1371 మధ్య స్కాట్లాండ్ పత్రాల్లో కనిపించే మనుషుల్ని ఒక్కొక్కరిగా నమోదు చేశారు. ఎవరు దాత, ఎవరు గ్రహీత, ఎవరు సాక్షి, ఏ దానపత్రం అన్నీ ఉంటాయి. ఒక జాగ్రత్త అవసరం. వాళ్లు పేర్లను ఆధునిక రూపంలోకి మార్చి పెట్టారు. మీకు కావాల్సింది అప్పటి స్పెల్లింగ్ గదా, దానికోసం వాళ్లు చూపించే అచ్చు సంపుటానికి వెళ్లాలి. మెల్‌రోజ్, కెల్సో, పెయిస్లీ, అర్‌బ్రోత్ వంటి మఠాల దానపత్రాలను 19వ శతాబ్దంలో బనటైన్ క్లబ్, మెయిట్లండ్ క్లబ్ వంటి సంఘాలు అచ్చువేశాయి. ఆ పుస్తకాల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి.

వాటిలో వెతుకుడు పెట్టెను నమ్ముకుంటే మోసపోతారు. లాటిన్‌ని మూలంలో ఉన్న సంక్షేప గుర్తులతో సహా ప్రత్యేకమైన అచ్చులో వేశారు, కంప్యూటర్ వాటిని చదవలేక చెత్తగా మారుస్తుంది. పుస్తకం చివర్లో ఉన్న పేర్ల పట్టికను కంటితో చూడండి. అక్కడ కూడా ఇంటిపేరు కింద లేకపోతే బాప్తిస్మం పేరు కింద, అక్కడా లేకపోతే ఊరిపేరు కింద వెతకండి. 12వ శతాబ్దపు మనిషికి ఇంటిపేరే లేకపోవచ్చు, పట్టిక వేసినవాళ్లు అతన్ని ఎక్కడో ఒకచోట సర్దాలి కదా.

1306 తర్వాత రాజముద్ర వేసిన దానాల రిజిస్టర్ ఉంది. 1306-1668 కాలానిది పదకొండు సంపుటాలుగా అచ్చయింది. ఖజానా లెక్కలు 1264 నుంచి 1600 దాకా ఇరవైమూడు సంపుటాలు. 1296లో ఎడ్వర్డ్‌కి విధేయత ప్రమాణం చేసినవాళ్ల జాబితాను రాగ్‌మన్ రోల్ అంటారు. వెయ్యికి పైగా పేర్లు, జిల్లాల వారీగా. ఒక ఇంటిపేరు 1296 నాటికి ఏ జిల్లాలో ఉందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. దాన్ని రాసింది ఇంగ్లండ్ గుమాస్తాలు, ఫ్రెంచి భాషలో. గేలిక్ (కొండసీమలో నిలిచిన స్కాట్లాండ్ పాత భాష) పేర్లు వాళ్ల చెవికి ఎలా పడితే అలా రాశారు. కొందరు రెండుసార్లు కూడా వచ్చారు. కాబట్టి అందులోని స్పెల్లింగ్ మీద వ్యుత్పత్తి కట్టవద్దు.

ఇప్పుడు బ్రూస్. మీ మూడింటిలో మూలం అన్నిటికన్నా స్పష్టంగా ఉన్నది ఇదే. ఫ్రాన్సులోని నార్మండీలో షెర్‌బూర్ దగ్గర బ్రీ అనే ఊరుంది, ఆంగ్లంలో బ్రిక్స్ అని చదివేస్తారు. ఆ ఊరివాడు కాబట్టి "ద బ్రూస్". ఈ "ద" (డీఈ) అంటే "నుంచి", ఆంగ్లంలో వాడే "ద" కాదు. మన ఊరిపేరు ఇంటిపేరైనట్టే. స్కాట్లాండ్ రాజు మొదటి డేవిడ్ 1124 ప్రాంతంలో రాబర్ట్ ద బ్రూస్‌కి అనన్‌డేల్ లోయను ఇచ్చాడు. ఆ దానపత్రం మిగిలే ఉంది. చిన్నది, కొన్ని వరసలే, మీ వ్యాసానికి బంగారం లాంటిది.

అందులో అనన్‌డేల్‌ని "ఎస్ట్రాహనెంట్" అని రాశారు. హద్దులు చెప్పేటప్పుడు స్ట్రాత్‌నిత్ డునెగల్ పొలిమేర నుంచి రాండల్ఫ్ మెషిన్ పొలిమేర దాకా అన్నారు. సాక్షుల్లో మోర్విల్, పెర్సీ, సోమర్విల్ అనే పేర్లున్నాయి, మూడూ ఫ్రాన్సు ఊళ్ల పేర్లే. డునెగల్ మాత్రం స్థానికుడు. అతనికి ఒంటిపేరు, అతని సీమ పేరు తప్ప ఇంటిపేరు లేదు. వచ్చినవాళ్లకు ఇంటిపేరు, ఉన్నవాడికి లేదు. స్కాట్లాండ్‌కి ఇంటిపేర్ల అలవాటు ఏ దారిన వచ్చిందో ఆ ఒక్క పత్రమే చూపిస్తుంది. ఆ పత్రం మీద తేదీ లేదు. డేవిడ్ రాజైన ఏడును బట్టి, సాక్షులను బట్టి కాలం కట్టారు. అందుకే "1124 ప్రాంతం" అని రాయాలి.

"ద" అని ఉన్నంత మాత్రాన ఇంటిపేరు స్థిరపడిందనుకోవద్దు. ఆ మనిషికి ఆ ఊళ్లో నిజంగా భూమి ఉంటే అది చిరునామా కావచ్చు. ఊరు వదిలి వేరేచోట స్థిరపడ్డాక కొడుకు, మనవడు కూడా అదే పేరు పెట్టుకుంటేనే ఇంటిపేరు. మూడు తరాలు కనిపిస్తే ధైర్యంగా రాయండి.

పుత్తూరు_లిపి:

స్పెల్లింగ్, అక్షరాలు, తేదీలు. ఈ మూడింటి దగ్గర తెలిసినవాళ్లు కూడా జారుతారు.

మెకంజీలో "జ" శబ్దం అసలు లేదు. గేలిక్‌లో ఇది మాక్ కొయిన్నిచ్, అంటే కొయిన్నెచ్ కొడుకు. ఆంగ్లంలో కెన్నెత్ అనే పేరు అదే. పాత స్కాట్స్ (పల్లపు సీమలో ఆంగ్లానికి దగ్గరగా ఉండే భాష) రాతలో యోఖ్ అనే అక్షరం ఉండేది, చూపుకి 3 అంకెలా ఉంటుంది, పలుకు "య"కి దగ్గర. అచ్చు యంత్రాలు వచ్చాక ఆ అక్షరానికి అచ్చు దొరక్క చూపుకి దగ్గరగా ఉన్న జెడ్ వాడారు. చదివేవాళ్లు దాన్ని జెడ్‌గానే పలికారు, పలుకే మారిపోయింది. మెన్జీస్ అని రాసి మింగిస్ అనడం, డాల్జీల్ అని రాసి డియెల్ అనడం ఈ కారణం వల్లే. రేనాటి చోళుల శాసనాల్లో ఉన్న ఴ సంగతి తెలిసినవాళ్లకు ఇది వింతగా ఉండదు. ఆ అక్షరం పోయాక అదే పేరు ఒకచోట చోడ, ఒకచోట చోళ అయింది. పేరు మారలేదు, రాసే అక్షరం పోయింది.

అందుకే మెకంజీని వెతికేటప్పుడు జెడ్‌తో ఒకసారి, వైతో ఒకసారి, జీతో ఒకసారి కొట్టండి. ముందున్న మాక్ కూడా నాలుగైదు రకాలుగా ఉంటుంది. ఎంఏసీ, ఎంఏకే, ఎంసీ, ఎం పక్కన పైన చిన్న గీత. "మ్యాక్ అయితే స్కాట్లాండ్, మిక్ అయితే ఐర్లాండ్" అనే మాట చాలామంది నోట వింటారు, అది తప్పు. అదంతా రాసినవాడి తొందర. యు, వి, డబ్ల్యూ ఒకదాని బదులు ఒకటి వస్తాయి. వైట్ అనే పేరు పాత స్కాట్స్‌లో క్యూయూహెచ్‌తో మొదలవుతుంది, డబ్ల్యూ దగ్గర వెతికితే ఎప్పటికీ దొరకదు.

తేదీల సంగతి ఇంకా జాగ్రత్త. స్కాట్లాండ్‌లో 1599 దాకా కొత్త ఏడు మార్చి 25న మొదలయ్యేది. 1600 నుంచి జనవరి 1కి మార్చారు. పాత పత్రంలో 1510 ఫిబ్రవరి 10 అని ఉంటే మన లెక్కలో అది 1511. ఇంగ్లండ్‌లో ఈ మార్పు 1752లో గానీ జరగలేదు, కాబట్టి రెండు దేశాల పత్రాలు పక్కపక్కన పెట్టుకున్నప్పుడు కొడుకు తండ్రికన్నా ముందు చనిపోయినట్టు కూడా కనిపిస్తుంది. వ్యాసంలో 1510/11 అని రెండూ ఇవ్వండి.

మరీ పాత రాజపత్రాలకు తేదీయే ఉండదు. 1195 ప్రాంతం నుంచి రోజు, నెల రాయడం మొదలుపెట్టారు, ఏడు రాయలేదు. రెండవ అలెగ్జాండర్ కాలంలో పాలనా సంవత్సరం చేర్చారు. అతను 1214 డిసెంబర్ మొదట్లో రాజయ్యాడు. "మా పాలనలో ఎనిమిదో ఏడు" అంటే 1221 డిసెంబర్ నుంచి 1222 డిసెంబర్ దాకా. నెల చూడకుండా 1214కి 8 కలిపేసి 1222 అని రాసేస్తే ఒక్క డిసెంబర్ నెలలో వచ్చిన పత్రాలన్నీ తప్పుతాయి. మన శాసనాల్లో శక సంవత్సరానికి 78 కలిపి పుష్య మాఘాల సంగతి మరిచిపోతే జరిగే పొరపాటే ఇది.

కపిలతీర్థం_వీధి:

ఇంత వివరంగా చెప్పినందుకు ముగ్గురికీ ధన్యవాదాలు. ఒక అనుమానం. మెకంజీ అంటే కొయిన్నెచ్ కొడుకు అన్నారు. పాత పత్రంలో ఒకడి పేరు పక్కన "మాక్ ఫలానా" అని ఉంటే వాడి తండ్రి పేరు ఫలానానా, లేక ఇంటిపేరా? ఎలా తెలుస్తుంది?

మదనపల్లె_ఎగువ:

తండ్రి పేరు ఇంకోచోట దొరికితే తప్ప తెలియదు. పరీక్ష అదొక్కటే. డంకన్ మాక్ డోనల్డ్ అని ఒక పత్రంలో ఉందనుకుందాం. ఇంకో పత్రంలో వాడి తండ్రి పేరు డోనల్డ్ అని తేలితే అది తండ్రి పేరు మాత్రమే కావచ్చు, అప్పటికింకా తేల్చలేం. తండ్రి పేరు ఇయన్ అని తేలితే అప్పుడు మాక్ డోనల్డ్ ఇంటిపేరుగా నిలబడింది. ఒకే ఇంట్లో తండ్రికొక మాక్, కొడుక్కొక మాక్ ఉంటే ఇంకా నిలబడలేదు.

దక్షిణాన పల్లపు సీమలో ఇంటిపేర్లు 12వ శతాబ్దం నుంచి మెల్లగా గట్టిపడ్డాయి. కొండసీమలో మామూలు జనానికి 17, 18 శతాబ్దాల దాకా తండ్రి తాతల పేర్లే నడిచాయి. షెట్లండ్ దీవుల్లో 19వ శతాబ్దంలో కూడా అదే పద్ధతి ఉంది. అందుకే కొండసీమ పత్రంలో "జాన్ ఎంసీ డోనల్డ్ వీసీ ఇయన్" అని చూస్తే భయపడకండి. వీసీ అంటే "విక్", మాక్ అనే మాటకి షష్ఠీ రూపం. ఇయన్ కొడుకైన డోనల్డ్ కొడుకు జాన్ అని అర్థం. మూడు తరాలు ఒక్క వరసలో చేతికి దొరికినట్టే. అచ్చు పట్టికలు తయారుచేసినవాళ్లలో కొందరు ఆ వీసీని ఇంకో ఇంటిపేరనుకున్నారు. ఆడపిల్లకు మాక్ రాదు, నిక్ వస్తుంది. పారిష్ రిజిస్టర్లలో ఎన్‌సీ అని ఉంటుంది, సూచిక తయారైనప్పుడు దాన్ని ఎంసీగా చదివేసిన చోట్లున్నాయి.

మాక్ తర్వాత మనిషి పేరే ఉండాలని లేదు. మెకింటైర్ వడ్రంగి కొడుకు. మాక్‌నాబ్ మఠాధిపతి కొడుకు. మాక్‌టాగర్ట్ పూజారి కొడుకు. మన వడ్ల, కరణం ఇంటిపేర్ల లాగా వృత్తి నుంచి వచ్చినవి. పశ్చిమ దీవుల్లో మాక్ వెనక నార్వే మనిషి ఉంటాడు. మాక్లౌడ్‌లో ల్యోట్, మెకాలేలో ఓలాఫ్, మెకైవర్‌లో ఈవార్. ఆ దీవులు 1266 దాకా నార్వే రాజు కింద ఉన్నవి కాబట్టి ఆశ్చర్యం లేదు. పేరు గేలిక్, పేరులోని మనిషి నార్వే. ఇలాంటివి చూసినప్పుడు మాక్ ఉంది గనక గేలిక్ వంశం అని తేల్చేయకూడదని అర్థమవుతుంది.

కైఫీయత్తుల మెకంజీ 1754లో లూయిస్ దీవిలోని స్టార్నవేలో పుట్టాడు. ఆ దీవి మొదట మాక్లౌడ్‌లది. 1610లో కింటెయిల్ మెకంజీల చేతికి వచ్చింది. దొర మారినప్పుడు కౌలుదార్లు కొత్త దొర ఇంటిపేరు పెట్టుకోవడం ఆ సీమలో మామూలే. కాబట్టి లూయిస్‌లో మెకంజీ అనే పేరు కనిపిస్తే అది నెత్తురు సంబంధమూ కావచ్చు, దొర పేరూ కావచ్చు, ప్రధాన భూభాగం నుంచి వచ్చిన ఉద్యోగీ కావచ్చు. కోలిన్ మెకంజీ గురించి పత్రం చూపకుండా ఇందులో ఏదీ రాయకండి.

చంద్రగిరి_దుర్గం:

దొర పేరు సంగతి వచ్చింది కాబట్టి మాక్‌గ్రెగర్ ఉదంతం చేరుస్తాను. 1603లో ఆ ఇంటిపేరునే నిషేధించారు, పెట్టుకుంటే మరణశిక్ష. 1661లో ఎత్తేశారు, 1693లో మళ్లీ పెట్టారు, 1774లో గానీ పూర్తిగా పోలేదు. ఆ నూటడెబ్భై ఏళ్లలో వాళ్లు క్యాంప్‌బెల్, గ్రాంట్, మర్రే, డ్రమండ్ అయ్యారు. నిషేధం పోయాక కొందరు తిరిగి మార్చుకున్నారు, కొందరు మార్చుకోలేదు. అంటే ఈ నాలుగు పేర్లలో ఏది పట్టుకుని వెనక్కి వెళ్లినా 17వ శతాబ్దంలో దారి వేరే ఇంటికి మళ్లవచ్చు. పత్రంలో "అలియాస్" అన్న మాట కనిపిస్తే అక్కడ ఆగి రెండు పేర్లూ వెతకండి.

ఇక దొంగ మూలాలు. మెకంజీల గురించి చదివితే మీకు కోలిన్ ఫిట్జెరాల్డ్ అనే ఐర్లాండ్ వీరుడి కథ తప్పక తగులుతుంది. అతనికి 1266లో రాజు కింటెయిల్ ఇచ్చినట్టు ఒక దానపత్రం చూపిస్తారు. అది నకిలీ అని పండితులు తేల్చి చాలాకాలమైంది. క్యాంప్‌బెల్‌ది ఇంకో రకం. గేలిక్‌లో "కామ్ బేల్", వంకర నోరు. ఎవరికో పెట్టిన ఎగతాళి పేరు. 1263 నాటి లెక్కల్లో గిలెస్పిక్ క్యాంబెల్ అని కనిపిస్తుంది, "ద" లేదు. తర్వాతి గుమాస్తాలు దాన్ని లాటిన్‌లో "ద కాంపో బెల్లో" అని అందంగా రాశారు, అంటే చక్కటి పొలం. ఆ లాటిన్ చూసి నార్మండీలో ఒక ఊరు, అక్కడి నుంచి వలస వచ్చిన వీరుడు, అన్నీ పుట్టించారు. పాత రూపంలో "ద" లేకుండా కొత్త రూపంలో వచ్చిందంటే అనుమానించండి. రాను రాను "ద" రాలిపోవాలి గానీ కొత్తగా మొలవకూడదు.

డాలు బొమ్మలు సంచికలో వేయకండి. స్కాట్లాండ్ చట్టంలో ఆ చిహ్నం ఒక వ్యక్తిది, అతని వారసుడిది. ఇంటిపేరు ఉన్న అందరిదీ కాదు. 1672 నుంచి ఆ చిహ్నాలు చూసే అధికారి లార్డ్ లయన్ దగ్గర దానికి రిజిస్టర్ ఉంది. ఇంటిపేరుకొక గళ్ల బట్ట అనే పద్ధతి కూడా మధ్యయుగంది కాదు. 1822లో నాలుగవ జార్జ్ ఎడిన్‌బరో వచ్చినప్పటి హడావుడి నుంచి బలపడింది.

డీఎన్‌ఏ గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నా. మగ సంతతిలో తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ పరీక్షే ఇంటిపేరుకి పనికొస్తుంది. మాక్‌డోనల్డ్ అధిపతుల వంశాల్లో ఆర్1ఎ అనే గుంపు వచ్చింది, 1164లో చనిపోయిన వాళ్ల మూలపురుషుడు సోమర్లెడ్‌కి నార్వే రక్తం ఉండవచ్చనే వాదన దానివల్ల గట్టిపడింది. మీ వ్యాసానికి మాత్రం అది అక్కర్లేదు.

కపిలతీర్థం_వీధి:

ఇవన్నీ చదివి మూడు వాక్యాలు రాసుకున్నాను, దిద్దగలరా?

"మన్రోలు 11వ శతాబ్దంలో ఐర్లాండ్‌లోని రో నది నుంచి వచ్చి ఈస్టర్ రాస్‌లో స్థిరపడ్డారు, థామస్ మన్రో ఆ ఫౌలిస్ వంశంవాడే. మెకంజీ అంటే కెన్నెత్ కొడుకు, కింటెయిల్ అధిపతుల వంశం. బ్రూస్ నార్మండీ నుంచి వచ్చి 1124లో అనన్‌డేల్ పొందిన వంశం, బ్రూస్ కోడ్ రాసింది ఆ రాజవంశంవాడే."

వీటితోపాటు హార్స్‌లీ కొండల పేరు కూడా స్కాట్లాండ్ జాబితాలో కలపవచ్చా?

స్వర్ణముఖి_ఒడ్డు:

హార్స్‌లీ కలపకండి. అది ఇంగ్లండ్ ఊళ్ల పేరు, పాత ఆంగ్లంలో గుర్రాల మేత బయలు. కంపెనీ కాలం దొర కాగానే స్కాట్ అయిపోడు. మన సీ.పీ. బ్రౌన్ తండ్రి కూడా ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌వాడే.

మొదటి వాక్యంలో మూడు మాటలు కలిసిపోయాయి. గేలిక్‌లో మన్రో అంటే రోథాచ్, రో సీమవాడు. ఇది భాష చెప్పే మాట, ఉంచండి. ఐర్లాండ్‌లోని రో నది, 11వ శతాబ్దం, ఇవి వంశంలో చెప్పుకునే మాటలు, "చెప్పుకుంటారు" అని రాయండి. ఈస్టర్ రాస్ స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న సీమ, ఫౌలిస్ అక్కడి మన్రో అధిపతుల చోటు. ఆ ఫౌలిస్ అధిపతుల్లో సమకాలీన పత్రాల్లో గట్టిగా కనిపించేది 1369లో చనిపోయిన రాబర్ట్ మన్రో నుంచి. ఏడు వేయాలంటే 14వ శతాబ్దం అని వేయండి. థామస్ మన్రో ఫౌలిస్ వంశంవాడు అనే ముక్క కొట్టేయండి. 1761లో గ్లాస్గో వర్తకుడి ఇంట పుట్టాడు, ఇంటిపేరు మాత్రం ఈస్టర్ రాస్‌ది. ఈ రెండూ పక్కపక్కన పెడితే చాలు, మధ్యలో "కాబట్టి" వద్దు.

మెకంజీ వాక్యంలో "కెన్నెత్" బదులు కొయిన్నెచ్ అని గేలిక్ రూపం ముందు ఇచ్చి యోఖ్ సంగతి ఒక వాక్యం చేర్చండి. పాఠకులకు అన్నిటికన్నా గుర్తుండేది అదే. కింటెయిల్ మెకంజీలు పత్రాల్లో నిలదొక్కుకునేది 15వ శతాబ్దంలో, 1488లో చనిపోయిన అలెగ్జాండర్ కాలానికి. "ఆ వంశం" అన్న మాట తీసేసి "ఆ సీమ పేరు" అనండి.

బ్రూస్ దగ్గర "1124 ప్రాంతం" చేయండి. రెండో సగం మొత్తం తీసేయండి. 1306లో రాజైన రాబర్ట్ బ్రూస్ ఆ అనన్‌డేల్ ఇంటివాడే, అది రుజువైన సంగతి. 1821 నాటి అధికారికి ఆ ఇంటితో ముడి వేయాలంటే ఐదు వందల ఏళ్ల కాగితాలు చూపాలి. మిగిలిన చోటులో ఆ దానపత్రం వరసలే తెలుగులో పెట్టండి, ఎస్ట్రాహనెంట్ అన్న స్పెల్లింగ్‌తో సహా, డునెగల్ పేరుతో సహా.